హార్స్‌పవర్ పక్కన బరువు గడి మళ్ళీ పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆటో పేజీలో స్పోర్టీ లగ్జరీ కార్ల మీద వచ్చిన పోలిక చదివాను. ఫొటోలు బాగున్నాయి. రాసినవాళ్ళు బండ్లు స్వయంగా నడిపి రాశారని కూడా తెలుస్తోంది. పట్టికలో హార్స్‌పవర్ ఉంది, టార్క్ (ఇంజన్ తిప్పే బలం) ఉంది, సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లో ఉంది, గరిష్ఠ వేగం ఉంది, చివరికి స్పీకర్లు ఎన్నో కూడా ఉంది. బండి బరువు మాత్రం లేదు. ఆ గడి మీ పేజీలో ఒకప్పుడు ఉండేది, నాకు బాగా గుర్తు. దాన్ని మళ్ళీ పెట్టమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే కాస్త వివరంగా రాయక తప్పదు. ఓపిగ్గా చదవండి.

నాది బ్రేకులు, సస్పెన్షన్ పని. 31 ఏళ్ళుగా అదే చేస్తున్నాను. ఇంజన్ చూసే మెకానిక్‌కి బండి ఎంత బాగా లాగుతోందో తెలుస్తుంది. అలా లాగిన బండిని ఆపడానికి, మలుపులో పట్టి ఉంచడానికి ఏవేవి ఎంత అరిగాయో నా చేతికి తెలుస్తుంది.

ఆ ఆదివారం పేపరు నాకంటే ముందు మా తమ్ముడి కొడుకు చదివాడు. వాడికి ఇరవై రెండేళ్ళు, కార్లంటే ప్రాణం. "పెదనాన్నా, కొత్త బీఎండబ్ల్యూ ఎం5కి 727 హార్స్‌పవర్! దీనికి ముందుదానికి 600యే" అన్నాడు. "బరువెంత రా?" అని అడిగాను. పేజీ పైనుంచి కిందిదాకా వెతికి "అది వేయలేదు" అన్నాడు. సరే అని ఇద్దరం కూర్చుని కంపెనీ వివరాలు తీసి, కాగితం మీద లెక్క వేశాం.

2017లో వచ్చిన ఎం5 బరువు డ్రైవర్ లేకుండా 1,855 కిలోలు. 2024లో వచ్చినది అదే పద్ధతిలో తూస్తే 2,435 కిలోలు. అంటే 580 కిలోలు పెరిగింది. ఒక్కో హార్స్‌పవర్ మోయాల్సిన బరువు పాతదాంట్లో దాదాపు 3.1 కిలోలు, కొత్తదాంట్లో 3.35 కిలోలు. టార్క్ 750 న్యూటన్ మీటర్ల నుంచి 1,000కి పెరిగింది. అయినా సున్నా నుంచి వందకి పాతది 3.4 సెకన్లు తీసుకుంటే కొత్తది 3.5 తీసుకుంటుందని కంపెనీయే చెబుతోంది. మావాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మరి పెరిగిన ఆ 127 హార్స్‌పవర్ ఎటు పోయినట్టు?" అన్నాడు. "పెరిగిన బరువు మోయడానికే సరిపోయింది" అన్నాను.

ఆ బరువు ఊరికే పెరగలేదని నాకూ తెలుసు. అది ప్లగ్-ఇన్ హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజన్‌తో పాటు ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకునే బ్యాటరీ, మోటారు కూడా ఉన్న బండి. వాడుకోగలిగిన బ్యాటరీయే 18.6 కిలోవాట్-అవర్లు, గేర్‌బాక్సులో 197 హార్స్‌పవర్ మోటారు. పెట్రోలు చుక్క కూడా కాల్చకుండా 60 కిలోమీటర్ల పైన పోగలదు. యూరప్‌లో ఒక కంపెనీ అమ్మే కార్ల సగటు కిలోమీటరుకు 95 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌కి దిగాలన్న లక్ష్యం 2020-21లో అమల్లోకి వచ్చింది. ఇలాంటి నియమాల మధ్య ఇంత పెద్ద ఇంజన్‌ని బతికించుకోవాలంటే కంపెనీలకు వేరే దారులు తక్కువ. అందుకని బండి చేసినవాళ్ళను నేను తప్పు పట్టడం లేదు. కొనేవాడికి ఆ 580 కిలోల సంగతి పట్టికలో కనపడాలి, అంతే నేనడిగేది.

ఇంత బరువున్న బండి నడిపేవాడికి తేలిగ్గా ఎందుకు అనిపిస్తుందంటే, దానికి మొదటి కారణం టర్బో, అంటే ఎగ్జాస్ట్ పొగ తోపుతో తిరుగుతూ ఇంజన్‌లోకి అదనంగా గాలి నెట్టే పరికరం. మా పక్క బేలో ఇంజన్ పని చేసే అతను మొన్నామధ్య ఒకటి విప్పితే చేతిలోకి తీసుకుని చూశాను. లోపలి భాగం అరచేతిలో పట్టేంతే ఉంటుంది. ఒకే షాఫ్ట్‌కి రెండు చక్రాలు. ఎగ్జాస్ట్ పొగకి తిరిగేది నికెల్ మిశ్రమలోహంతో చేసింది, కాలిన ఇనుములా ముదురు రంగుకి మారి ఉంది. గాలి పీల్చి ఇంజన్‌లోకి నెట్టేది అల్యూమినియం, ఇంకా తళతళలాడుతూనే ఉంది. వేలితో తోస్తే గిర్రున తిరిగింది. షాఫ్ట్ కొస పట్టుకుని పక్కలకు కదిపితే కాస్తంత ఆట తెలిసింది. ఆయిల్ పొర మీద తేలుతూ తిరిగే బేరింగు కాబట్టి ఆ కాస్త ఉండాల్సిందే. రెక్కల అంచు గోడకు రాసుకున్న గీత ఉంటే మాత్రం ఆ టర్బో పని అయిపోయినట్టే. ఇంజన్ జోరు మీద ఉన్నప్పుడు ఈ చిన్న వస్తువు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుందంటే, ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఆశ్చర్యమే.

ఆలోచన పాతది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. కార్లలో 1973లో బీఎండబ్ల్యూ 2002 టర్బో, ఆ వెనకే పోర్షే 911 టర్బో వచ్చాయి. అప్పటి టర్బోలతో ఇబ్బంది లాగ్, అంటే ఆలస్యం. కాలు నొక్కితే ముందు ఏమీ జరగదు. ఎగ్జాస్ట్ పెరిగి, చక్రం వేగం అందుకున్నాక ఒక్కసారిగా వెనకనుంచి తోసినట్టు బండి ఎగబడుతుంది. మలుపు మధ్యలో అలా జరిగితే చాలా ప్రమాదం.

ఇప్పుడు ఆ లాగ్‌ని చాలావరకు పోగొట్టేశారు. ఒక పెద్ద టర్బో బదులు రెండు చిన్నవి పెడుతున్నారు. వీ ఆకారపు ఇంజన్లలో సిలిండర్ల రెండు వరసల మధ్య గుంటలోనే టర్బోలు కూర్చోబెట్టి, ఎగ్జాస్ట్ ప్రయాణించే దూరం తగ్గించారు. 2016లో వచ్చిన ఆడి ఎస్‌క్యూ7లో కరెంటుతో తిరిగే కంప్రెసర్ అదనంగా పెట్టారు, పావు సెకనులో 70,000 చుట్ల వేగం అందుకునేది. 2022లో వచ్చిన నాలుగు సిలిండర్ల మెర్సిడెస్ సీ63లో అయితే టర్బో షాఫ్ట్ మీదే, రెండు చక్రాల మధ్యలో, చిన్న మోటారు బిగించారు. ఎగ్జాస్ట్ వచ్చేదాకా ఆగకుండా అది ముందే తిప్పేస్తుంది.

దీనివల్ల ఏం మారిందో పాత ఎం5లు రెండు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 2005 నాటి పది సిలిండర్ల ఎం5లో టర్బో లేదు. 507 హార్స్‌పవర్, 520 న్యూటన్ మీటర్లు. కానీ ఆ టార్క్ పూర్తిగా కావాలంటే ఇంజన్‌ని 6,100 ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) దాకా ఏడిపించాలి. 2011లో దాని స్థానంలో వచ్చిన ఎనిమిది సిలిండర్ల ట్విన్ టర్బోలో 680 న్యూటన్ మీటర్లు 1,500 ఆర్‌పీఎమ్ నుంచే సిద్ధం. ట్రాఫిక్‌లో, ఎత్తు ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు దీని హాయి వేరు. నేను నడిపాను, నాకు నచ్చింది. టర్బో మీద నాకు ఏ కోపమూ లేదు.

అయితే ఆ హాయిలోనే ఒక చిక్కు ఉంది. టర్బో లేని బండిలో బరువు పెరిగితే నడిపేవాడి కాలికి వెంటనే తెలిసిపోతుంది. పికప్ తగ్గుతుంది, గేర్ దించాలి, ఇంజన్ అరవాలి. కింది వేగంలోనే ఇంత టార్క్ దొరికేసరికి వంద కిలోలు పెరిగినా ఎవరికీ తెలియదు. ఇంకొంచెం బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, పెంచితే ఆ సున్నా నుంచి వంద అంకె మళ్ళీ బాగైపోతుంది. అలా పెరిగిన టార్క్‌కి తట్టుకోవాలంటే గేర్‌బాక్స్ బలంగా ఉండాలి, షాఫ్టులు లావు కావాలి. వెనక రెండు టైర్లు ఆ టార్క్‌ని భరించలేవని 2017 నుంచి ఎం5కి నాలుగు చక్రాలకూ డ్రైవ్ ఇచ్చారు. టర్బో నెట్టే గాలిని చల్లబరచడానికి ఇంటర్‌కూలర్లు, వాటికి వేరే రేడియేటర్లు, పంపులు, పైపులు. ఇంజన్ చిన్నదైంది కదా, బండి తేలికవ్వాలి కదా అని చాలామంది నన్ను అడుగుతుంటారు. ఆ నాలుగు సిలిండర్ల సీ63నే చూడండి. ఒకప్పుడు 6.2 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజన్ ఉన్న ఆ బండిలో 2022లో రెండు లీటర్ల ఇంజన్ పెట్టారు. మోటారుతో కలిపి 680 హార్స్‌పవర్. బరువు మాత్రం 2,100 కిలోలు దాటింది. అందులో 6.1 కిలోవాట్-అవర్ల బ్యాటరీ ఒక్కటే 89 కిలోలు.

ఇక నా పని దగ్గరికి వస్తాను. పరుగెత్తే బండిలో ఉన్న శక్తి అంతా ఆపేటప్పుడు వేడి అవ్వాల్సిందే. 1,855 కిలోల బండిని గంటకు వంద కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి ఆపితే పుట్టే వేడి, 30 డిగ్రీల నీళ్ళు దాదాపు రెండున్నర లీటర్లను మరుగు దాకా తేగలదు. 2,435 కిలోల బండి అయితే మూడు లీటర్ల పైనే. వేగం రెండింతలైతే వేడి నాలుగింతలు. అంటే 200 నుంచి ఆపితే సుమారు పది లీటర్లు, పదమూడు లీటర్లు. హైబ్రిడ్‌లో కొంత శక్తి మోటారు ద్వారా బ్యాటరీలోకి తిరిగి వెళ్తుంది, మామూలు డ్రైవింగ్‌లో అది బ్రేక్ ప్యాడ్‌లకు నిజంగా మేలే. కానీ ఉన్నపళంగా గట్టిగా తొక్కినప్పుడు మోటారు తీసుకునేది కొంతే. మిగతాదంతా చక్రాలతో తిరిగే నాలుగు డిస్క్‌లు, వాటిని నొక్కి ఆపే ఎనిమిది ప్యాడ్‌లు మింగాలి.

అలా మింగిన డిస్క్ నా బల్ల మీదికి వస్తే దాని ఒంటి మీదే అంతా రాసి ఉంటుంది. పనితనం బాగున్న డిస్క్ బూడిద రంగులో, నున్నగా, అంచు దగ్గర చిన్న మెట్టుతో ఉంటుంది. బాగా కాలిన డిస్క్ మీద నీలం రంగు మచ్చలు. గోరుతో గీస్తే తగిలీ తగలని సన్నని పగుళ్ళు, చిల్లులున్న డిస్క్ అయితే చిల్లు నుంచి చిల్లుకి పాకుతుంటాయి. ప్యాడ్ తీస్తే వెనక రేకు మీది పెయింట్ తెల్లగా పొడిబారి రాలిపోతుంది. ప్యాడ్‌ని నొక్కే పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు బూట్ గట్టిపడి, నొక్కితే చిట్లుతుంది. ఇవన్నీ చూశాక ఆ బండి హార్స్‌పవర్ ఎంతని నేను అడగను, బరువెంతని అడుగుతాను.

రెండేళ్ళ కిందట మా కస్టమర్ ఒకాయన, అరవై దాటిన మనిషి, తన బండ్లు రెండింటినీ ట్రాక్ మీద నడుపుతూ నన్ను తోడు రమ్మన్నారు. ఒకటి టర్బో లేని ఎనిమిది సిలిండర్ల పాత సెడాన్, 1,700 కిలోల లోపు. రెండోది కొత్తది, టర్బోలతో, దానికంటే దాదాపు నాలుగు వందల కిలోలు ఎక్కువ. పేర్లు ఇక్కడ అనవసరం. రెండింటికీ వారం ముందు నేనే బ్రేక్ ఆయిల్ మార్చాను. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలదాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. అందుకని ఆ విషయంలో నేను రాజీపడను.

పాత బండి పది ల్యాపులు తిరిగింది. స్ట్రెయిట్‌లో వేగం తక్కువే, కానీ మొదటి ల్యాపులో ఎక్కడ బ్రేకు తొక్కారో పదో ల్యాపులోనూ అక్కడే తొక్కారు. కొత్తది మొదటి ల్యాపులో దాన్ని చాలా దూరం వెనక్కి నెట్టేసింది. చూస్తుంటే ముచ్చటేసింది. మూడో ల్యాపుకి వచ్చేసరికి స్ట్రెయిట్ చివర ఇంజన్ లాగడం తగ్గింది. ఇంటర్‌కూలర్ వేడెక్కి, లోపలికి పోయే గాలి వేడెక్కితే ఇంజన్ తనను తాను కాపాడుకోవడానికి ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి తీసుకుంటుంది, అది దాని ధర్మం. నాలుగో ల్యాపులో ఆయన ముందుగానే బ్రేకు తొక్కడం కనిపించింది. లోపలికి వచ్చి అద్దం దించి "పెడల్ కిందికి పోతోందండీ" అన్నారు. "ఇంక ఆపేద్దాం సార్. నెమ్మదిగా ఒక రౌండు తిప్పి చల్లబరచండి, నిలిపాక హ్యాండ్‌బ్రేక్ మాత్రం వేయకండి" అన్నాను. కాలుతున్న డిస్క్‌ని ప్యాడ్‌తో బిగించి వదిలేస్తే అక్కడే అచ్చు పడి, తర్వాత పెడల్ అదురుతుంది. తిరిగొచ్చాక టెంపరేచర్ గన్ పెట్టి చూస్తే ముందు డిస్క్ అప్పటికీ 500 డిగ్రీలు దాటి ఉంది. పాత బండి ఆగినప్పుడు 400 కూడా లేదు.

ఆయన ముందు చక్రాల దగ్గర కూర్చుని టైరు చూస్తూ ఉండిపోయారు. బయటి అంచు రబ్బరు ముద్దలు ముద్దలుగా లేచిపోయి ఉంది. టైరు మీద బరువు రెండింతలు చేస్తే పట్టు రెండింతలు పెరగదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. పైగా మలుపులో బరువంతా బయటివైపు ముందు టైరు మీదికి ఒరుగుతుంది. ఎంత వెడల్పు టైరు వేసినా, మలుపులో బండి ఒరగకుండా ఆపే యాంటీరోల్ బార్‌ని ఎంత గట్టిగా పెట్టినా, వెనక చక్రాలు కూడా తిరిగేలా చేసినా బండి తేలికైనట్టు అనిపిస్తుంది తప్ప బరువు ఎక్కడికీ పోదు. ఆ టెక్నాలజీ గొప్పదే, దాని వెనక ఉన్న బుర్రలకు దండం. కానీ ఆ యాక్చువేటర్లు, మోటార్లు, వైరింగు మళ్ళీ బరువే కదా!

టర్బో వచ్చిందంటే బరువు పెరగాల్సిందే అనుకోవద్దు. 2014 బీఎండబ్ల్యూ ఎం3లో నాలుగు లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజన్ తీసేసి మూడు లీటర్ల ట్విన్ టర్బో ఆరు సిలిండర్లది పెట్టినప్పుడు బండి మొత్తం సుమారు 80 కిలోలు తగ్గింది. టార్క్ 400 నుంచి 550కి పెరిగింది. వెనక చక్రాలకు శక్తి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కార్బన్ ఫైబర్‌తో చేశారు, రూఫ్ కూడా అదే. ఆల్ఫా రోమియో జూలియా క్వాడ్రిఫోలియోలోనూ అంతే, 510 హార్స్‌పవర్ టర్బో ఇంజన్‌కి తోడు బానెట్, రూఫ్, షాఫ్ట్ కార్బన్. టర్బో ఇచ్చిన వెసులుబాటుని బండి తేలిక చేయడానికి వాడుకున్నారు వాళ్ళు. నాకు బాగా నచ్చిన దారి అదే, ఇలాంటివి ఇంకా రావాలని కోరిక. మీ పట్టికలో హార్స్‌పవర్ ఒక్కటే ఉంటే, ఈ బండి చేసినవాళ్ళు ఒక్కో కిలో తగ్గించడానికి పడిన కష్టం పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

అందుకని నా విన్నపం. బరువు వేయండి. వేసేటప్పుడు అది ఏ పద్ధతిలో తూచిందో కూడా ఒక మాట రాయండి, ఎందుకంటే ఇక్కడ చాలా గందరగోళం ఉంది. ఆయిళ్ళు, పెట్రోలు ఏమీ లేకుండా తూచేది డ్రై వెయిట్. జర్మన్ డీఐఎన్ పద్ధతిలో ట్యాంకు 90 శాతం నింపి, డ్రైవర్ లేకుండా తూస్తారు. యూరోపియన్ పద్ధతిలో దానికి డ్రైవర్, కొద్దిపాటి సామాను కలిపి 75 కిలోలు చేరుతుంది. ఒక కార్‌కి డ్రై వెయిట్, ఇంకో కార్‌కి యూరోపియన్ వెయిట్ వేసి పోలిస్తే అన్యాయం అవుతుంది. వీలైతే ముందు చక్రాల మీద ఎంత శాతం బరువు పడుతుందో కూడా ఇవ్వండి. ఇంకా వీలైతే, వంద నుంచి సున్నాకి బ్రేకు దూరం మొదటిసారి ఎంత, వరసగా పదోసారి ఎంత అన్నది. ఇది కష్టమైన పనే, ట్రాక్ కావాలి, టైరు ఖర్చు ఉంటుంది. అది కుదరకపోయినా బరువు వేయడం మాత్రం మానకండి, దానికి కంపెనీ కాగితం చూస్తే చాలు.

ఆ ఆదివారం సాయంత్రం మావాడు మీ పట్టిక చివర స్కేలు పెట్టి ఒక గడి గీశాడు. ఐదు కార్ల బరువులూ తనే వెతికి, అన్నీ డీఐఎన్ పద్ధతిలో ఉన్నాయో లేదో నాతో సరిచూయించుకుని, నీలం పెన్నుతో నింపాడు. కింద ఇంకో వరసలో ఒక్కో హార్స్‌పవర్‌కి ఎన్ని కిలోలో లెక్కగట్టాడు. మీరిచ్చిన ర్యాంకుల్లో రెండు తారుమారయ్యాయి. ఆ పేజీ కటింగ్ ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. అంకెలు మీవాళ్ళు మరోసారి సరిచూసుకుని, వచ్చే ఆదివారం వేయడానికి పనికొస్తే వేయండి.

ఇట్లు,
బ్రేకులు, సస్పెన్షన్ పని చేసే మీ పాఠకుడు